ముందు మోగేది, తర్వాత చూసేది

ప్రశ్న: మేం అద్దె ఇంట్లో, కింది అంతస్తులో ఉంటున్నాం. ముందొక తలుపు, వెనకొక తలుపు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లిపోతే సాయంత్రం దాకా అత్తగారు ఒక్కరే ఉంటారు. ఒక పిల్లి కూడా ఉంది. పోయిన నెల పక్కింట్లో వెనక తలుపు గడియ తీసి దొంగలు పడ్డారు. అప్పట్నుంచీ మా ఇంట్లో ఇదే చర్చ. మా వారు నాలుగు వైఫై కెమెరాలు కొందామంటున్నారు. నేను చూసిన కిట్‌లో సెన్సర్ల కబుర్లన్నీ అందుకునే హబ్ అనే పెట్టె, రెండు డోర్ సెన్సర్లు, ఒక మోషన్ సెన్సర్, సైరన్, చిన్న రిమోట్ ఉన్నాయి, కెమెరా లేదు. గోడలకు రంధ్రాలు పెడితే ఇంటి ఓనరు ఒప్పుకోరు. రెండూ వైర్‌లెస్సే కదా, ఏది తీసుకోమంటారు? అన్నట్టు, మా అత్తగారికి ఫోన్లో యాప్‌లు అవీ తెలియవు. — ఒక పాఠకురాలు

సమాధానం:

మీరు చూసిన కిట్టే తీసుకోండి. మీ వారి మాటా కొట్టిపారేసేది కాదు కాబట్టి కెమెరా ఒకటి కొనండి, అదీ రెండు మూడు నెలలు ఆగి. నాలుగు వద్దు. ఇంత తొందరగా తేల్చేశానేమిటా అనుకోకండి. ఉత్తరం చివర్లో ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు రాశారే, ఆ ఒక్క వాక్యం చదివాక నాకు ఇంకో దారి కనిపించలేదు. పగలంతా ఇంట్లో ఉండేది యాప్ తెలియని పెద్దావిడ. మీరు ఏం పెట్టినా ముందు ఆవిడకు పనికి రావాలి.

డబ్బా మీద రెండింటికీ ‘హోమ్ సెక్యూరిటీ’ అనే రాసి ఉంటుంది గానీ వాటి పనులు వేరు. కెమెరా చూస్తుంది, చూసింది మీ ఫోనుకు పంపుతుంది. ఆ సమయానికి మీరు మీటింగులో ఉండి, ఫోను బ్యాగులో సైలెంట్‌లో ఉంటే సంగతి తెలిసేది బయటికొచ్చాకే. పైగా గేటు ముందు ఎవరు నడిచినా, చెట్టు కొమ్మ ఊగినా అది కబురు పెడుతూనే ఉంటుంది. మొదటి వారం అన్నీ తెరిచి చూస్తారు. రెండో వారం కొన్ని చూస్తారు. నెల తిరిగేసరికి నోటిఫికేషన్లు ఆపేస్తారు. ‘నాన్నా పులి’ కథ మీకు నేను చెప్పాలా! ఇక ఆ వీడియో తీరిగ్గా చూసుకునేది దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు, అంతా అయిపోయాకే. అలారం తలుపు తెరుచుకున్న క్షణాన ఇంట్లోనే మోగుతుంది. ఇళ్లలో పెట్టే సైరన్లు మీటరు దూరంలో 85 నుంచి 110 డెసిబెళ్ల దాకా మోగుతాయి. ఆ చప్పుడులో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు చించుకోవాలి. దొంగకు కావలసింది నిశ్శబ్దం, కాస్త తీరిక. సైరన్ ఆ రెంటినీ లాగేసుకుంటుంది.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. తలుపు తెరిస్తే గంట మోగే విద్యుత్ అలారానికి అమెరికాలో అగస్టస్ పోప్ పేటెంటు తీసుకున్నది 1853లో. మీ వారికి చెప్పడానికి ఇంకో ముచ్చట కూడా ఉంది. ఇంటికి కెమెరా పెట్టే ఏర్పాటుకు 1966లో పేటెంటు కోరినది మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే న్యూయార్క్ నర్సు, ఆమెతో పాటు భర్త ఆల్బర్ట్. 1969లో పేటెంటు వచ్చింది. వేళకాని వేళల్లో ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి రావడమే ఆమెను అటు నడిపించింది. ఆమె కెమెరా దగ్గర ఆగిపోలేదు. ప్రమాదమనిపిస్తే బయటికి కబురు పంపే బటన్ కూడా అందులో పెట్టింది. చూడ్డం ఒక్కటే సరిపోదని ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషికి తెలుసు.

కొనే ముందు ఒక పని. వెనక తలుపు చూడండి. పక్కింట్లో గడియ తీశారన్నారు. ఇద్దరిదీ ఒకే తరహా తలుపైతే, ఒకే తరహా గడియైతే ముందు దాన్ని మార్చమని ఓనర్ని అడగండి. పొడవైన మరలతో బిగించిన గట్టి బోల్టు ఇచ్చే రక్షణ ఏ సెన్సరూ ఇవ్వదు. సెన్సర్ తలుపు తెరిచారని చెబుతుందే గానీ తెరవకుండా ఆపదు. తాళం వేసి గొళ్లెం మరిచినట్టు కాకూడదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ‘రెండూ వైర్‌లెస్సే కదా’ అన్నది. వైర్‌లెస్ అన్న మాట కింద మూడు సంగతులు దాగి ఉంటాయి. సెన్సర్ హబ్‌తో ఎలా మాట్లాడుతుంది, హబ్ మీతో ఎలా మాట్లాడుతుంది, వీటికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది. వైఫై కెమెరాకు మొదటి రెంటికీ దిక్కు మీ రౌటరే. కరెంటు పోతే రౌటర్ పోతుంది, దాంతో నాలుగు కెమెరాల నోరూ ఒక్కసారే మూతపడుతుంది. వాటిలో మెమరీ కార్డు, బ్యాటరీ ఉంటే రికార్డింగ్ సాగుతుందేమో గానీ మీకు కబురు రాదు. కిట్ పద్ధతి వేరు. సెన్సర్లకు సొంత బ్యాటరీలు ఉంటాయి. అవి హబ్‌తో తమ సొంత రేడియోలో, చాలా కిట్లలో దేశాన్ని బట్టి 433, 868, 915 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడతాయి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ కంటే ఇవి గోడల్ని బాగా దాటుతాయి, బ్యాటరీని తక్కువ తింటాయి. హబ్‌లో బ్యాకప్ బ్యాటరీ ఉంటే కరెంటు లేకపోయినా, ఇంటర్నెట్ లేకపోయినా సైరన్ మోగుతుంది.

‘ఉంటే’ అన్నాను, గమనించండి. కొన్ని చవక కిట్లలో ఆ బ్యాటరీ ఉండదు. ఇంకొన్నింటిలో హబ్ అనేది పేరుకే, నిర్ణయమంతా ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌ది. ఇంటర్నెట్ పోయిందా, తలుపు తెరిచినా ఉలుకూ పలుకూ ఉండదు. అందుకే అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ‘కరెంటూ ఇంటర్నెట్టూ రెండూ లేనప్పుడు సైరన్ మోగుతుందా, ఎన్ని గంటల దాకా?’ సూటిగా జవాబు రాకపోతే ఆ కిట్ వదిలేయండి. తీసుకున్నాక మాటను నమ్మి కూర్చోకండి. అలారం ఆన్ చేసి, రౌటర్ ప్లగ్గు పీకి, హబ్ ప్లగ్గు కూడా పీకి, తలుపు తీయండి. ఐదు నిమిషాల పని. మోగకపోతే వాపసు ఇచ్చే గడువులోనే తెలిసిపోతుంది.

హబ్‌లో సిమ్ పెట్టే వీలుంటే ఇంకా మేలు, నెట్ పోయినా ఫోనుకు కబురు వస్తుంది. అయితే ఆ సిమ్ ఏ తరం నెట్‌వర్క్ మీద పనిచేస్తుందో చూసుకోండి. అమెరికాలో 2022లో పెద్ద మొబైల్ కంపెనీలు 3జీ ఆపేసినప్పుడు ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడ్డ ఇంటి అలారాలకు కొత్త పరికరాలు పెట్టుకోవాల్సి వచ్చింది. సైరన్ బాగానే ఉంది, సెన్సర్లు బాగానే ఉన్నాయి, కబురు మోసే దారే మూసుకుపోయింది. అందుకని కనీసం 4జీ అని రాసి ఉన్నదే తీసుకోండి.

డోర్ సెన్సర్ గురించి కాస్త వివరంగా చెబుతాను, మీ ఇంటికి అసలు కాపలా అదే కాబట్టి. అందులో రెండు ముక్కలుంటాయి. చిన్నది ఉత్త అయస్కాంతం, లోపల ఇంకేమీ ఉండదు. పెద్దదాంట్లో బ్యాటరీ, రేడియో, చాలా రకాల్లో సన్నని గాజు గొట్టంలో రెండు లోహపు రేకులు ఉంటాయి. అయస్కాంతం దగ్గరుంటే రేకులు అతుక్కుంటాయి, దూరం జరిగితే విడిపోతాయి. అంతే దాని తెలివి. ఈ ముక్కల్ని బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒకదాన్ని మెల్లగా జరిపి చూడండి. చిన్న లైటు వెలిగిన చోట ఆగి స్కేలు పెట్టి కొలవండి. చాలావాటికి అది ఒకటి రెండు సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. తలుపు మూసినప్పుడు రెండు ముక్కల మధ్య సందు ఆ కొలతకు బాగా తక్కువగా ఉండాలి. లేకపోతే గాలికి తలుపు కదిలిన ప్రతిసారీ సైరన్ కూస్తుంది. ఇనుప తలుపో ఇనుప ఫ్రేమో అయితే ఆ లోహం అయస్కాంతపు బలాన్ని తనవైపు లాక్కుంటుంది, సందు ఇంకా తగ్గించాలి. కొలిచేది బల్ల మీద కాకుండా ఆ తలుపు మీదే అయితే మరీ మంచిది. పెద్ద ముక్కను ఫ్రేముకు, అయస్కాంతాన్ని తలుపుకు అంటించండి. తలుపు ధడేల్మన్నప్పుడల్లా బ్యాటరీ ముక్క కుదుపులు తినకుండా ఉంటుంది.

మేకులు అక్కర్లేదు, కిట్‌తో వచ్చే డబుల్ సైడ్ టేప్ చాలు. కాకపోతే గోడకు వేలు రాస్తే తెల్లగా పొడి అంటుకునే రంగైతే టేప్ నిలవదు, నాలుగు రోజులకు ఊడి పడుతుంది. చెక్క మీద, నున్నటి ఆయిల్ పెయింట్ మీద నిలుస్తుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సెన్సర్‌ని పట్టి పీకకండి, రంగు పెచ్చుతో సహా వస్తుంది. గట్టి దారాన్ని దాని వెనక దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే టేప్ కోసుకుపోతుంది. ఓనరుకు ఆనవాలు కూడా మిగలదు.

మోషన్ సెన్సర్ మీద నాకు అంత మోజు లేదు. ముఖ్యంగా పిల్లి ఉన్న ఇంట్లో. అది కదలికను చూడదు, వేడి కదలడాన్ని చూస్తుంది. మన ఒంటి నుంచి వచ్చే పరారుణ కిరణాలు లోపలి రెండు భాగాల్లో ఒకదాని మీద ముందు, రెండోదాని మీద తర్వాత పడితే ఎవరో దాటారని దానికి అర్థమవుతుంది. అందుకే దానికి అడ్డంగా నడిచేవాణ్ణి చటుక్కున పట్టేస్తుంది గానీ నేరుగా దానివైపు వచ్చేవాణ్ణి ఆలస్యంగా పసిగడుతుంది. తలుపుకు ఎదురుగా కాకుండా, లోపలికొచ్చేవాడు దాని ముందు నుంచి అడ్డంగా దాటేలా గది మూలన, రెండు మీటర్ల పైచిలుకు ఎత్తులో పెట్టండి. కిటికీ అద్దం అవతల ఉన్న మనిషి దానికి కనపడడు, ఆ కిరణాలను గాజు ఆపేస్తుంది. గది వేడి ఒంటి వేడికి దగ్గరపడ్డ రోజుల్లో దాని చూపు మందగిస్తుంది. ‘పెంపుడు జంతువులున్నా పర్వాలేదు’ అని డబ్బా మీద రాసి ఉన్నా, ఆ మాట నేల మీద నడిచే పిల్లికే. బీరువా ఎక్కి సెన్సర్ ఎదురుగా కూర్చునే పిల్లికి ఏ హామీ లేదు.

నా సంగతి చెప్పనా! మొదటిసారి పెట్టినప్పుడు సెన్సర్‌ని కిటికీకి ఎదురుగా పెట్టాను. ఎండ పడి వేడెక్కిన కర్టెన్ ఫ్యాను గాలికి ఊగేది. మధ్యాహ్నం రెండింటికి సైరన్. మర్నాడు మళ్లీ అదే వేళకు. మూడో రోజు పక్కింటాయన వచ్చి దొంగ సంగతి అడగడం మానేసి, దాన్ని ఎలా ఆపాలో అడిగాడు. దొంగతనానికి వచ్చేవాడికి అంతకంటే మంచి పక్కిల్లు దొరకదు.

అత్తగారు ఇంట్లో ఉన్నంతసేపూ ఈ మోషన్ సెన్సర్ ఎలాగూ ఆఫ్‌లోనే ఉండాలి. కిట్‌లో ‘హోమ్’ మోడ్ అనో ‘నైట్’ మోడ్ అనో ఉంటుంది. అందులో తలుపుల సెన్సర్లు మాత్రమే కాపలా కాస్తాయి, లోపల మనుషులు తిరగొచ్చు. మీకు రోజూ పనికొచ్చేది అదే. ఆ మోడ్ లేని కిట్ మీ ఇంటికి దండగ. మోషన్ సెన్సర్‌ని అందరూ ఊరెళ్లినప్పుడు వాడుకోండి, అదీ పిల్లి ఇంట్లో లేనప్పుడు.

ఇంకో తేడా పైకి కనపడదు గానీ ముఖ్యమైనది. బాగా చవక సెన్సర్లు ఒకవైపే మాట్లాడతాయి. ‘తలుపు తెరిచారు’ అని ఒక కేక వేసి ఊరుకుంటాయి. హబ్‌కు వినపడిందో లేదో వాటికి తెలియదు. బ్యాటరీ చచ్చిపోయిన సెన్సర్‌కీ, మూసి ఉన్న తలుపుకీ హబ్ దృష్టిలో తేడా ఉండదు, రెండూ మౌనమే. మంచి సెన్సర్లు హబ్‌తో రెండువైపులా మాట్లాడతాయి, కొంత కొంత సేపటికోసారి ‘నేనున్నాను’ అని హాజరు పలుకుతాయి. హాజరు తప్పితే హబ్ మీకు చెబుతుంది. ఎవరైనా రేడియో సిగ్నల్‌ను జామ్ చేసినా పసిగట్టి చెప్పేవి ఉన్నాయి. రిమోట్ పంపే కోడ్ ప్రతిసారీ మారాలి. ఎప్పుడూ ఒకే కోడ్ పంపేదైతే దాన్ని ఒకసారి పట్టి రికార్డు చేసి, మళ్లీ వినిపించి అలారం ఆపేయొచ్చు. యూరప్‌లో అలారాలకు ఈఎన్ 50131 అనే ప్రమాణం ఉంది, గ్రేడ్ 1 నుంచి 4 దాకా. ఇళ్లకు మామూలుగా గ్రేడ్ 2 సరిపోతుంది. మీ కిట్ డబ్బా మీద ఆ గుర్తు కనపడితే ఈ పరీక్షలు కొన్ని ఎవరో ముందే చేశారని అనుకోవచ్చు.

నెలనెలా కట్టే చందా ఉందా అన్నది కూడా ముందే తేల్చుకోండి. చందా ఉంటే తప్పు లేదు. అది ఆపేసిన రోజున ఏం ఆగిపోతుందో తెలియాలి. సైరన్, రిమోట్, ఫోనుకు వచ్చే కబురు ఆగకూడదు. పాత వీడియోలు ఆగితే ఆగనీయండి.

ఇక మీ వారి కెమెరా. ఒకటి, బయట, ముందు తలుపు వైపు. బ్యాటరీతో నడిచే కెమెరాలు మామూలుగా నిద్రలో ఉండి, కదలిక తెలిశాక లేస్తాయి. లేచేలోపు మనిషి దాటిపోతే మీకు దక్కేది వాడి వీపు. ప్లగ్గు దగ్గరుంటే ప్లగ్గుకు పెట్టేదే తీసుకోండి. కిటికీ లోపల పెట్టి అద్దంలోంచి బయటికి చూపిస్తే రాత్రిపూట దాని పరారుణ లైట్లు అద్దానికి కొట్టుకుని తెల్లటి మసక తప్ప ఏమీ పడదు. కార్డు లెక్క సులువే. సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున ఆపకుండా రికార్డు చేస్తే రోజుకు 21.6 జీబీ. అంటే 128 జీబీ కార్డులో ఐదారు రోజులు పడుతుంది, ఆ తర్వాత పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది. మీ ఇంటికి అది చాలు.

పాస్‌వర్డ్ మాత్రం పెట్టెలో వచ్చింది ఉంచకండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రాం, లోకంలోని లక్షల కెమెరాలను, రౌటర్లను పట్టేసింది. దాని దగ్గరున్న తాళంచెవి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా, అరవై పైచిలుకు జతలు, అంతే. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అలాంటి అందరికీ ఒకటే పాస్‌వర్డ్‌తో వస్తువులు అమ్మడమే చట్టవిరుద్ధం. మీరు వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టి, యాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగేది) ఆన్ చేయండి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్, అంటే అతిథుల కోసం విడిగా ఇచ్చే వైఫై, ఉంటే కెమెరాను దాని మీదే పెట్టండి.

హాల్లో కెమెరా పెట్టే ఆలోచన ఉంటే ముందు అత్తగారిని అడగండి. ఆవిడ కూర్చునేది, కునుకు తీసేది, ఫోన్లో చెల్లెలితో మాట్లాడుకునేది అక్కడే అయితే మీరు పెట్టేది దొంగ మీద కాపలా కాదు, ఆవిడ మీద. వద్దంటే వద్దు. బయటి కెమెరాలో ఎదురింటి వాకిలి పడుతుంటే ఆ భాగాన్ని యాప్‌లోనే నల్లగా మూసేయొచ్చు, మూసేయండి.

చివరగా ఆవిడ చేతిలో ఉండాల్సిన రిమోట్. హబ్‌ని గుమ్మం పక్కన పెట్టకండి, ఇంటి లోపల ఎక్కడో పెట్టండి. బయటికి వెళ్లేటప్పుడు పెట్టే అలారంలో, ముందు తలుపు తెరిచాక సైరన్ మోగేలోపు మీరు ఆపుకోవడానికి 30 సెకన్లో ఎంతో వ్యవధి ఉంటుంది. హబ్ గుమ్మంలోనే ఉంటే ఆ వ్యవధి దొంగ దాన్ని పగలగొట్టడానికి సరిపోతుంది. వెనక తలుపుకు ఆ వ్యవధే వద్దు, తెరిచీ తెరవగానే మోగాలి. రిమోట్ మీద నాలుగు బటన్లుంటే ఆవిడకు రెండు చాలు. ఒకటి సైరన్ ఆపేది, ఇంకోటి భయమేస్తే నొక్కి మోగించేది. ఆపేదాని మీద గోళ్లరంగుతో చుక్క పెట్టండి, కళ్లజోడు లేకపోయినా తెలుస్తుంది. మోగించే బటన్‌ను రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకునేలా యాప్‌లో మార్చుకునే వీలుంటే మార్చండి, పొరపాటున తగిలి మోగకుండా ఉంటుంది. సైరన్ మోగితే ఆవిడ ఎటు వెళ్లాలి, ముందు ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఆవిడతోనే చెప్పించండి. పక్కింటి వాళ్లకు ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఒకసారి వినిపించి, మోగితే వచ్చి చూడమని చెప్పి ఉంచండి.

కిట్ వచ్చిన రోజే గోడలకు అంటించేయకండి. ఒక వారం అన్నీ బల్ల మీదే ఉండనీయండి. రోజుకోసారి, ముందే చెప్పి, అయస్కాంతాన్ని జరిపి సైరన్ మోగించండి. మొదటి రోజు ఆవిడ ఉలిక్కిపడతారు, రెండో రోజు విసుక్కుంటారు. మిమ్మల్ని అడగకుండా చుక్క బటన్ నొక్కి ఆవిడే సైరన్ ఆపిన రోజున టేప్ మీది కాగితం ఒలవండి.